ట్రేలో మిగిలిన మేత

మా ఇంట్లో బీరువా అడుగున ఒక రూళ్ల నోటుబుక్కు ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. లోపలంతా నా రాతే, తొమ్మిదో తరగతి కుర్రాడి రాత. తారీఖు, చెరువు నంబరు, ఎన్ని కిలోల మేత చల్లాం, ట్రేలో ఎంత మిగిలింది. ఇంతకు మించి ఒక్క మాట ఉండదు. 1994 ఆగస్టు చివర్లో మొదలై నవంబరు 19న ఆగిపోతుంది. తర్వాతవన్నీ తెల్ల కాగితాలు. వాటిలో కొన్ని చించుకుని అమ్మ చిల్లర లెక్కలకు వాడుకుంది.

"మీకు అంతా ఒక్కసారిగా ఎట్టా పోయిందిరా?" అని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు, ఏదో దొంగలు పడి దోచుకుపోయినట్టు. నేనూ చాలా ఏళ్లు "రొయ్యల్లో పోయింది" అని ఊరుకునేవాడిని. నెల్లూరు జిల్లాలో ఆ రెండు ముక్కలు చాలు, ఎవరూ ఇంకేం అడగరు. ఆ నోటుబుక్కు తీసినప్పుడు మాత్రం నాకు వేరే లెక్కలు గుర్తొస్తాయి.

మా ఊరు కండలేరు క్రీకుకు దగ్గర. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది అది. మాకు ఉత్త "ఏరు". పోటుకు ఉప్పునీళ్లు లోపలికి ఎక్కుతాయి, పాటుకు వెనక్కి పోతాయి. ఏటి పక్క నేల ఉప్పు తేలి, పశువులు కూడా ముట్టని గడ్డితో పడి ఉండేది. పొలం అంటే పైనున్న మాగాణే. తాత హయాంలో అక్కడ మొలగొలుకులు పండేవట. ఆ అన్నం సంగతి చెప్పేటప్పుడు జేజి గొంతే మారిపోయేది.

1990 దాటాక ఆ దిక్కులేని ఉప్పు నేలకు రాత తిరిగింది. టైగర్ రొయ్య వచ్చింది. జపానుకు పోతుందన్నారు, అమెరికాకు పోతుందన్నారు. చెరువు తవ్వితే ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ, సబ్సిడీ ఇస్తుందన్నారు. మద్రాసు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లలో మనుషులు దిగి, గట్ల మీద బూట్లతో నడిచి, ఎకరాలకు ఎకరాలు లీజుకు రాయించుకున్నారు. 1993లో ప్రభుత్వం వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 310 రూపాయలు. ముప్పై కౌంటు రొయ్యను, అంటే కిలోకు ముప్పై తూగేదాన్ని, మా గట్టు మీదికే వచ్చి కిలో 300కు పైన కొన్నారు. క్వింటాలు వడ్లూ కిలో రొయ్యలూ ఒకటే ధర. బస్తాలు మోసి వీపు వంగిపోయిన మనిషికి ఈ లెక్క చూపించి, ఆగి ఆలోచించు అంటే ఎవడాగుతాడు?

నాయన ఆగలేదు, మామ అసలే ఆగలేదు. మామ అంటే అమ్మ తమ్ముడు. "బావా, రెండెకరాలు చాలు, చేతి డబ్బుతోనే చేద్దాం" అని మొదలుపెట్టించింది ఆయనే. మొదటి పంట బాగా వచ్చింది. ఆ డబ్బుతో ఇంకో చెరువు తవ్వారు. రెండో పంటా వచ్చింది. దాంతో నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, జనరేటరు, ఒక మోటారు. మూడో పంటకల్లా మాకు నాలుగు చెరువులు, అందులో రెండు లీజువి. లాభం వచ్చిందని అందరూ అనేవాళ్లు, మేమూ అనుకునేవాళ్లం. ఇప్పుడు తిరిగి చూస్తే ఆ మూడేళ్లలో డబ్బు మా ఇంట్లో పట్టుమని నెల రోజులు ఉన్నది లేదు. ఒక చెరువులోంచి తీసి ఇంకో చెరువులో పోశాం. ఇంటికి వచ్చినవల్లా ఒక బుల్లెట్టు బండి, ట్రంకు రోడ్డులో కొన్న అమ్మ చంద్రహారం, నాకు ఒక చేతి గడియారం. చంద్రహారం ఇంట్లో ఉన్నది ఏడు నెలలే. నాలుగో పంటకు సీడు, అంటే పిల్ల రొయ్యలు, కొనాలంటే అమ్మే మెడలోంచి తీసి ఇచ్చింది. "పట్టుబడి అయినాక విడిపించుకుందాంలే" అంది, పక్కింటికి గిన్నె అప్పిచ్చినట్టు.

పైనున్న మాగాణి కాగితాలు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. మేత డీలరు దగ్గర ఖాతా. తైవాన్ మేత సంచులు పసుప్పచ్చగా, నున్నగా ఉండేవి. ఖాళీ సంచులు కుట్టి మా జేజి దుప్పట్లు చేసింది. చాలా తర్వాత, డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పత్రిక తిరగేస్తుంటే తెలిసింది, ఆ తైవాన్‌లోనే 1988లో టైగర్ రొయ్య ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పడిపోయిందని. 1993లో చైనా చెరువులు జబ్బుతో ఊడ్చుకుపోయాయని. మేం మాత్రం ఆ దేశపు మేత సంచి మీది రొయ్య బొమ్మ చూసి, ఇది తింటే మన రొయ్యా ఇట్లాగే అవుతుందని మురిసిపోయేవాళ్లం. అక్కడేమైందని అడగాలని మా ఊళ్లో ఒక్కరికీ తోచలేదు. డీలరుకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

నోటుబుక్కు నా చేతికి రావడానికి కారణం అన్న. అన్నకు లెక్కలంటే విసుగు. రాత్రి మేత తర్వాత ట్రేలు చూడటం, రాయడం నాకు అప్పజెప్పాడు. ట్రే అంటే వల బిగించిన చిన్న చట్రం. చెరువంతా మేత చల్లినాక పిడికెడు మేత అందులో పెట్టి తాడుతో నీళ్లలోకి దింపుతారు. రెండు గంటలకు పైకి లాగాలి. ఖాళీగా వస్తే రొయ్య ఆకలి మీద ఉంది, మేత పెంచచ్చు. మిగిలితే తగ్గించాలి. నీటి అడుగున ఏం జరుగుతోందో మనిషికి కనపడదు, ట్రే ఒక్కటే చెబుతుంది. చీకట్లో తాడు లాగుతుంటే చేతికి బరువు తెలిసేది. నాలుగైదు రొయ్యలు ట్రేతో పాటు పైకొచ్చి, టార్చి వెలుగులో కళ్లు ఎర్రగా మెరుస్తూ ఎగిరి మళ్లీ నీళ్లలో పడేవి. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఏరేటర్ల హోరు, డీజిలు వాసన, కాపలా తాత బీడీ. చదువు గురించి ఎవరూ అడగని రోజులు. ఇంత నష్టం జరిగినా ఆ రాత్రులంటే నాకు ఈరోజుకీ బెంగే.

నవంబరు మా దిక్కు వానల నెల. ఆ ఏడూ ముసురు పట్టింది. పద్నాలుగో తారీఖున రెండో చెరువు ట్రేలో కొంచెం మేత మిగిలింది. "కొంచెం" అనే రాశాను. నాయనకు చెబితే, "వాన పడింది గదా, నీళ్లు చల్లబడితే తినవు" అన్నాడు. అది తప్పు మాట కాదు. చలికీ వానకీ రొయ్య మేత తగ్గిస్తుంది. అంతకుముందు ఏడూ అట్లాగే తగ్గి మళ్లీ పుంజుకుంది. పదహారున సగం మిగిలింది. పదిహేడు ఉదయం కాపలా తాత నన్ను లేపి, "చిన్నయ్యా, కొంగల్ని చూడు" అన్నాడు. రెండో చెరువు గట్టు పొడుగునా కొంగలు, కాకులు. వేరే చెరువుల మీద ఒక్కటీ లేదు. రొయ్య ఎప్పుడూ అడుగునే ఉండాల్సిన జీవి. అది గట్టు పక్క పైకి తేలి, కదలకుండా, చేత్తో తీసుకునేటట్టు ఉంది. కొంగలకు మాకంటే ముందు తెలిసింది.

తాత ఒక రొయ్యను పట్టి తల మీది చిప్ప ఒలిచి వెలుతురుకు పెట్టాడు. సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. తర్వాత అందరూ తెల్లమచ్చ అని పేరు పెట్టింది దానికే. వైరసు. మందు లేదు, ఇప్పటికీ లేదు. మేత కంపెనీ తరఫున చెరువులు చూసే కుర్రాడు మధ్యాహ్నం వచ్చాడు. ఎప్పుడూ బ్యాగులోంచి ఏదో ఒక సీసా తీసేవాడు. ఆ రోజు బ్యాగు తెరవలేదు. "ఎన్నో రోజు పంట?" అన్నాడు. "ఎనభై." "పట్టేయండి," అని బండెక్కాడు.

ఎనభై రోజుల టైగర్ రొయ్య డెబ్బై కౌంటు దాకా ఉంటుంది. ఇంకో నలభై రోజులుంటే ముప్పై కౌంటు అవుతుంది. చిన్న రొయ్యకు ధర ఎటూ తక్కువ. పైగా ఆ వారం ఏటి పొడుగునా అందరూ పడుతున్నారు. అందరివీ చిన్నవే, అందరికీ తొందరే. కొనేవాడు ఎందుకు తొందరపడతాడు? ఐసు దొరకలేదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర బళ్లు వరసలో నిలబడ్డాయని మామ వచ్చి చెప్పాడు.

ఇక్కడ చెప్పాల్సినది ఒకటుంది. మా ఇంట్లో ఎవరూ చెప్పరు. అన్న అయితే అది జరగనే లేదంటాడు.

అంతకు పది రోజుల ముందు, ఏటికి ఎగువన ఉన్న పెద్ద చెరువుల వాళ్లు రాత్రికి రాత్రే నీళ్లు వదిలేశారు. పగలు వాళ్ల పట్టుబడి చూసి, ఇదేంది ఇంత ముందు పడుతున్నారు అనుకున్నాం. వాళ్లు చెప్పలేదు. మేం ఆ ఏటి నీళ్లే మోటారు పెట్టి తోడుకున్నాం. విషయం తెలిశాక నాయన ఊగిపోయాడు. ఎగువకు పోయి ఆ మేనేజరు చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "నాలుగు మాటలు చెప్పుంటే మేం నీళ్లు ఎక్కించే వాళ్లం కాదు గదా, మీ సొమ్మేం పోయింది?" అని అరిచి వచ్చాడు. మామ నాయన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

రొయ్యలు పట్టాలంటే చెరువు నీళ్లు దించాలి. తూము తీస్తే నీళ్లు పోయి, తూముకు కట్టిన వల సంచిలో రొయ్యలు పడతాయి. నీళ్లు దించకుండా పట్టుబడి లేదు. జబ్బు నీళ్లు ఏట్లో వదలకూడదనీ, బ్లీచింగ్ కొట్టి కొన్నాళ్లు నిలవ ఉంచాకే వదలాలనీ తర్వాత ఏళ్లలో అందరికీ నూరిపోశారు. ఆ రాత్రికి మాకు తెలిసింది ఒకటే. నీళ్లు వదిలితే ఎంతో కొంత చేతికొస్తుంది, వదలకపోతే అదీ లేదు. కింద అప్పు ఎంతుందో నాయనకు తెలుసు.

మాకు దిగువన ఒకాయనది ఒకటే చెరువు, ఎకరంన్నర. ఆయన ఎప్పుడు కనపడ్డా నా నోటుబుక్కు అడిగి తీసుకుని చూసేవాడు. "మీ ట్రేలు ఎట్టున్నాయి చిన్నోడా? నాకు రాయడం రాదు, నిన్ను చూసి వేస్తా" అని నవ్వేవాడు. నిజంగానే మేం ఎంత మేత చల్లితే, తన చెరువు కొలతకు తగ్గించి అంత చల్లేవాడు.

పంతొమ్మిదో తారీఖు రాత్రి పాటు చూసుకుని తూము తీశారు. టార్చి నా చేతిలో ఉంది. నీళ్లు నల్లగా, నురగతో ఏట్లోకి దూకాయి. తెల్లవారుజామున పోటు మళ్లింది. అప్పుడు దిగువ నుంచి ఆయిల్ ఇంజిను మొదలైన చప్పుడు వినపడింది. డగ్ డగ్ డగ్ మని. ఆయన నీళ్లు ఎక్కిస్తున్నాడు. వల దగ్గర ఉన్న అందరం ఒక్క క్షణం ఆగాం. నాయన అటు చూశాడు. మామ నాయన్ని చూశాడు. కాపలా తాత, "అయ్యా, పోయి చెప్పి రానా?" అన్నాడు. నాయన మాట్లాడలేదు. మామే అన్నాడు, "ముందు లోడు ఎత్తనీ. జబ్బు సరుకని బయటికి పొక్కితే ఏజెంటు వెనక్కి పోతాడు." మేం మళ్లీ వంగి రొయ్యలు ఏరుకున్నాం. ఇంజిను బాగా తెల్లారేదాకా ఆడింది. లోడు ఎత్తేసరికి ఎనిమిదైంది. అప్పుడైనా ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. సైకిలు అక్కడే ఉంది.

ఆయన చెరువు పదకొండు రోజులకు పోయింది.

మా మిగతా మూడు చెరువులూ ఒకదాని వెనక ఒకటి రెండు వారాల్లో అయిపోయాయి. వాటి సంగతి రాయడానికేం లేదు. అడుగున చచ్చిన రొయ్య కుళ్లి, వాసనకు ఊళ్లోకి గాలి తిరిగితే తలుపులేసుకునేవాళ్లు. వచ్చిన డబ్బు ఐసుకూ డీజిలుకూ కూలికీ సరిపోయింది.

ఆ తర్వాతది నెమ్మదిగా జరిగింది. పోవడం ఒక్క వారం, తీర్చడం ఆరేళ్లు. మేత డీలరు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. తిట్టేవాడు కాదు. అమ్మ కాఫీ ఇస్తే తాగేవాడు, పేపరు చదివేవాడు, మధ్యాహ్నం లేచి పోయేవాడు. ఆయన తిట్టుంటే బాగుండేదని నాయన అనేవాడు. ఆయన మీదా కంపెనీ వాళ్లు కూర్చున్నారని తర్వాత తెలిసింది. అమ్మ చంద్రహారం వేలం నోటీసు పేపర్లో చిన్న అక్షరాల్లో వచ్చింది, నంబరు మాత్రమే. అమ్మ ఆ పేపరు మడిచి దిండు కింద పెట్టుకుంది. మాగాణి అమ్మేశాం. కొన్నాయన మా తాత దగ్గర పనిచేసిన మనిషి కొడుకు. రిజిస్ట్రేషన్ రోజు ఆయనే నాయనకు బస్సు టికెట్టు తీశాడు. బుల్లెట్టు బండి మామ తీసుకుపోయాడు, తన వాటా అప్పు కింద. దాంతో నాయనకూ మామకూ పదేళ్లు మాటల్లేవు. "బావా" అనే పిలుపు మా ఇంట్లో మళ్లీ వినపడింది అక్క పెళ్లిలోనే.

ఉన్నవాళ్లకు పోయింది సరే. అసలేమీ లేనివాళ్లకు పోయినది లెక్కలోకే రాలేదు. కాపలా తాతకు రెండు నెలల జీతం బాకీపడ్డాం. చెరువులు లేకపోతే కాపలా ఎందుకు? ప్రాసెసింగ్ షెడ్లలో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను ఉదయం తీసుకుపోయే వ్యాను రావడం మానేసింది. ఏట్లో వలలతో పిల్ల రొయ్యను పట్టి లెక్కపెట్టి అమ్మే కుర్రాళ్లు మద్రాసు హోటళ్లకు పోయారు. వీళ్లెవరూ లక్షలు చూడలేదు, కారు ఎక్కలేదు. రొయ్యలొచ్చాక పాత పనులు మాత్రం వదులుకున్నారు. ఇంకొందరున్నారు. చెరువు తవ్వనివాళ్లు, రొయ్య జోలికే రానివాళ్లు. చెరువుల ఉప్పు ఊరి మడి గట్లు దాటి వాళ్ల వరిలోకి దిగింది. మంచినీళ్ల బావి ఉప్పెక్కింది. ఆ బావి దగ్గర మా అమ్మను ఒకామె అడిగిన మాట అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. "మీకు వచ్చినప్పుడు మాకు పెట్టలేదు, పోయినప్పుడు మావి గూడా పోయినయ్యే, ఇదేం న్యాయమమ్మా?"

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసు. తీరంలో పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల, పులికాట్, చిల్కా సరస్సుల చుట్టూ 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు తీసేయమన్నారు. పాత సంప్రదాయ చెరువులకు మినహాయింపు. పని పోయే కూలీలకు ఆరేళ్ల జీతం పరిహారంగా ఇవ్వమన్నారు. మా ఊళ్లో ఒకరికీ రూపాయి ముట్టినట్టు నాకు తెలియదు. పేపరు చదివి వినిపిస్తుంటే నాయన, "చచ్చిన పామును కొడుతున్నారు" అని లేచి పోయాడు. అప్పటికి మా చెరువుల్లో పగుళ్లిచ్చిన బురద తప్ప ఏమీ లేదు. తీర్పు పూర్తిగా అమలు కాకముందే చెరువులకు అనుమతులిచ్చే ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చింది, 2005లో చట్టమూ వచ్చింది. కోర్టు మాట నిజమేనని చెప్పడానికి నాకు మనసొప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ బావి నీళ్లు తాగి చూసినవాళ్లకు అంత కాలం పట్టి ఉండదు.

దిగువ చెరువు ఆయన గురించి చెప్పాలి. ఆయన ఇల్లు తాళం పెట్టుకుని భార్యా పిల్లలతో ఎటో పోయాడు. గూడూరు రైల్వే స్టేషన్లో చూశామని ఒకరు, మద్రాసులో వాచ్‌మన్ అని ఒకరు. ఇంటరు చదివేటప్పుడు నెల్లూరు బస్టాండులో ఒకసారి నాకే కనపడ్డాడు. గుర్తుపట్టి నవ్వాడు. "ఏం చిన్నోడా, ఇంకా రాస్తున్నావా?" అన్నాడు. బస్సు వచ్చిందని చెప్పి ఎక్కేశాను. అది నా బస్సు కాదు. నాయుడుపేట దాకా పోయి తిరిగొచ్చాను.

2009లో వెనామీ అనే వేరే రకం రొయ్యకు అనుమతి వచ్చింది. రెండేళ్లలో ఏటి పక్క పాత గట్లన్నీ మళ్లీ లేచాయి. మాకు మిగిలిన రెండెకరాల ఉప్పు నేలను ఒక కుర్రాడు లీజుకు అడిగాడు. బీటెక్ చదివినవాడు, ఫోన్లోనే ఉప్పు శాతం, పీహెచ్ లెక్కలు రాసుకుంటాడు. అన్న ఇచ్చేద్దామన్నాడు. నాయన ఏమీ అనలేదు. అప్పటికి ఆయన నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి మానేసి ఇంట్లో ఉంటున్నాడు.

ఒక సాయంత్రం నాయన్ను చెరువు చూడటానికి తీసుకుపోయాను. ఆ గట్టు ఎక్కి పదహారేళ్లు దాటింది. కుర్రాడు కుర్చీ వేయబోతే వద్దని, నేరుగా ట్రే తాడు దగ్గరికి పోయి లాగాడు. చేతులు వణుకుతున్నా తాడు పట్టు మారలేదు. ట్రేలో మేత కొంచెం మిగిలి ఉంది. రెండు వేళ్లతో తీసి వాసన చూశాడు.

"ఎన్నో రోజు?"

"అరవై రెండు తాతా. నిన్న వాన పడింది గదా, అందుకే."

నాయన ట్రే మళ్లీ నీళ్లలోకి దింపాడు, చప్పుడు కాకుండా. కాసేపు ఏటి దిక్కు చూసి, "నీళ్లు ఎక్కడికి వదుల్తారు?" అన్నాడు.

"ఏట్లోకే," అన్నాడు కుర్రాడు. "ఇంకెక్కడికి వదుల్తాం?"

"దిగువనెవరున్నారు?"

కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, ఏదో చెరువు పేరు చెప్పబోయి, నా వైపు చూశాడు. నాయన అప్పటికే చెప్పులేసుకుని గట్టు దిగుతున్నాడు.